చుక్కల బొమ్మ నుంచి గీతల బొమ్మకు: బిట్‌మ్యాప్ చిత్రాల వెక్టరీకరణ

పిక్సెళ్ళతో కూడిన చిత్రంలోని ఆకారాల అంచులను గుర్తించి, వాటిని గణిత సూత్రాలకు లోబడిన గీతలుగా, వంపులుగా తిరిగి గీయడమే వెక్టరీకరణ. డీటీపీ సెంటర్లలో, ఫ్లెక్సీ దుకాణాల్లో, వాహనాలకు రేడియం స్టిక్కర్లు కోసే చోట దీన్ని ట్రేసింగ్ అంటారు. చిన్న బొమ్మను పెద్ద బోర్డు మీదికి ఎక్కించినప్పుడు అంచులు మెట్లుగా విరగకుండా, మసకబారకుండా నిలవడం దీని మొదటి ప్రయోజనం. రెండో ప్రయోజనం యంత్రాలకు సంబంధించింది. వినైల్ కోసే ప్లాటరుకు, ఏక్రిలిక్ కోసే లేజరుకు, చెక్క మీద చెక్కే రౌటరుకు రంగు చుక్కలు అక్కరలేదు. కత్తి ఏ దారిలో నడవాలో చెప్పే గీత కావాలి.

ఒకప్పటి చిత్తూరు జిల్లా పడమటి భాగంలోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలు ఈ ప్రక్రియ మంచిచెడ్డలను పరిశీలించడానికి అనువైనవి. మదనపల్లెలో పట్టుచీరల మగ్గాలున్నాయి, పుంగనూరుకు తన పేరు మోసే ఆవు ఉంది, కుప్పంలో గ్రానైటు ఉంది. ఈ మూడు చోట్లా బొమ్మ ఒక పరిమాణం నుంచి మరో పరిమాణానికి, ఒక పదార్థం నుంచి మరో పదార్థానికి మారుతూ ఉంటుంది.

పిక్సెల్ బొమ్మ ఎందుకు చెదురుతుంది

బిట్‌మ్యాప్ అంటే గళ్ళ పటం. ప్రతి గడిలో ఒకే రంగు ఉంటుంది, గడుల సంఖ్య బొమ్మ పుట్టినప్పుడే స్థిరపడిపోతుంది. విజిటింగ్ కార్డు మీద అంగుళం వెడల్పున్న గుర్తును అచ్చుకు సరిపడేలా అంగుళానికి 300 పిక్సెళ్ళ చొప్పున భద్రపరిస్తే, అడ్డంగా 300 గడులు వస్తాయి. కార్డు మీద అది కత్తిరించినట్టు కనిపిస్తుంది. అదే ఫైలును 10 అడుగుల బోర్డుకు సాగదీస్తే 300 గడులు 3,048 మిల్లీమీటర్ల మేర పరుచుకోవాలి. ఒక్కో పిక్సెల్ సుమారు సెంటీమీటరు చదరమవుతుంది. ఏటవాలు గీత ఏదైనా సెంటీమీటరు ఎత్తు మెట్లుగా మారుతుంది.

ఈ మెట్లను దాచడానికి సాఫ్ట్‌వేర్లు ఇరుగుపొరుగు పిక్సెళ్ళ రంగులను కలిపి మధ్యలో కొత్త పిక్సెళ్ళు పుట్టిస్తాయి. బైలీనియర్, బైక్యూబిక్ పద్ధతులు చేసేది ఈ పనే. మెట్లు పోతాయి, వాటి చోట పొగమంచు వస్తుంది. లేని వివరాన్ని సగటు తీసి తేవడం సాధ్యం కాదు. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి అంగుళానికి 72 పిక్సెళ్ళున్నా సరిపోతుంది; అయినా 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు ఉన్న బోర్డుకు ఆ లెక్కన దాదాపు 3 కోట్ల పిక్సెళ్ళు కావాలి. ఫోన్ల మధ్య పంపేటప్పుడు కుదించుకుపోయిన చిత్రంలో అందులో పదో వంతు కూడా మిగలకపోవడం మామూలే. పైగా జేపెగ్ పద్ధతి చిత్రాన్ని 8 పిక్సెళ్ళ చదరాలుగా కోసి కుదిస్తుంది. కుదింపు ఎక్కువైతే నల్లటి అక్షరం చుట్టూ బూడిదరంగు మరకలు చేరతాయి. తర్వాత ట్రేసింగుకు కూర్చున్నప్పుడు ఆ మరకలన్నీ ఆకారాలుగానే లెక్కకు వస్తాయి.

గీతకు పరిమాణం లేదు

వెక్టర్ చిత్రం రంగు గడులను దాచుకోదు. గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, మధ్యలో ఎటు ఎంత వంగుతుంది అనే సంగతి మాత్రమే దాచుకుంటుంది. చుక్కల ముగ్గు వేసే మనిషి పిండి రేణువులను గుర్తుపెట్టుకోదు. చుక్కల వరస, గీత తిరిగే దారి గుర్తుపెట్టుకుంటుంది, అందుకే అదే ముగ్గు గడప ముందరా పడుతుంది, గుడి ముంగిట్లోనూ పడుతుంది. వెక్టర్ ఫైలు నడక అలాంటిదే. చుక్కల మధ్య దూరం పెంచితే చాలు, వంపు మళ్ళీ లెక్క కట్టుకుంటుంది.

ఈ వంపులకు వాడే గణితం కార్ల కర్మాగారాల్లో పుట్టింది. ఫ్రాన్సులో సిట్రోయెన్ సంస్థలో పాల్ ద కాస్తెల్జో 1959లో, రెనో సంస్థలో పియర్ బెజియే 1960ల్లో కారు రేకుల వంపులను కొద్దిపాటి బిందువులతో నిర్వచించే మార్గం కనిపెట్టారు. కాస్తెల్జో పని చాలా కాలం సంస్థ గోడలు దాటి బయటకు రాకపోవడంతో వంపులకు బెజియే పేరు స్థిరపడింది. ఇప్పుడు ఎక్కువగా వాడే రకానికి నాలుగు బిందువులు కావాలి: రెండు చివరలు, వంపును తమవైపు లాగే మరో రెండు. ఇలాంటి నాలుగు ముక్కలతో వృత్తం గీస్తే వ్యాసార్థంలో తేడా పది వేలలో మూడు వంతులకు మించదు. పదడుగుల వ్యాసం ఉన్న వృత్తంలో అది అర మిల్లీమీటరు కూడా కాదు.

1984లో అడోబి సంస్థ తెచ్చిన పోస్ట్‌స్క్రిప్ట్ భాష ఈ వంపులను అచ్చు యంత్రాల్లోకి తెచ్చింది. 1991లో ఆపిల్ విడుదల చేసిన ట్రూటైప్ ఫాంట్లు మూడు బిందువుల సరళమైన వంపులు వాడతాయి. కంప్యూటరులో కనిపించే తెలుగు అక్షరాలన్నీ ఇలాంటి గీతలే. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, సిలికానాంధ్ర ఆధ్వర్యంలో వెలువడి గూగుల్ ఫాంట్లలో చేరిన మండలి, రామభద్ర, గురజాడ, గిడుగు వంటివి ఏ పరిమాణానికి పెంచినా చెదరవు. అనూ ఫాంట్లతో కూర్చిన పాత ఫైళ్ళూ ఆ లెక్కలో వెక్టర్లే. కాకపోతే అవి యూనికోడ్‌లో లేవు కాబట్టి ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అక్షరాలు అర్థంలేని గుర్తులుగా మారిపోతాయి. ప్రెస్సుకు ఫైలు పంపేవాళ్ళను ‘కర్వ్స్ చేసి పంపండి’ అని అడగడం ఇందుకే. అక్షరాన్ని ముందే వట్టి గీతగా మార్చేస్తే ఫాంటుతో పని ఉండదు. ఆ తర్వాత మాత్రం దాన్ని అక్షరంగా సవరించే వీలు లేదు, అందుకే అసలు ప్రతిని విడిగా దాచుకోవాలి.

ట్రేసింగ్ జరిగే తీరు

చేతి ట్రేసింగులో మనిషి పాత చిత్రాన్ని అడుగున ఉంచి, పైన పెన్ టూల్‌తో బిందువులు పెట్టుకుంటూ పోతాడు. యాంత్రిక ట్రేసింగులో ఆ పని సాఫ్ట్‌వేర్ చేస్తుంది. చాలా ప్రోగ్రాముల లోపలి క్రమం దాదాపు ఒకటే.

మొదట చిత్రాన్ని నలుపు తెలుపులకు తెస్తారు. ఎంత ముదురు రంగు నలుపు కింద లెక్క, ఎంత లేత రంగు తెలుపు కింద లెక్క అన్న హద్దు ఇక్కడ తేలాలి. చిత్రంలోని రంగుల పంపిణీని బట్టి ఆ హద్దును తానే వెతుక్కునే పద్ధతిని జపాన్ శాస్త్రవేత్త నొబుయుకి ఒట్సు 1979లో ప్రతిపాదించాడు. కాగితం ఒక మూల నీడ పడి ఉంటే ఏ ఒక్క హద్దూ మొత్తానికి పనికిరాదు. అప్పుడు చిత్రాన్ని భాగాలుగా చేసి, భాగానికో హద్దు పెట్టాలి. ఫలితం బాగోగులు సగం ఈ మెట్టులోనే తేలిపోతాయి. తరువాతి గణితం ఎంత మంచిదైనా, హద్దు తప్పితే తప్పు అంచునే నున్నగా గీస్తుంది.

తర్వాత నలుపు తెలుపు కలిసే చోటల్లా పిక్సెళ్ళ అంచుల వెంబడి ఒక దారి తీస్తారు. అది ఇంకా మెట్ల దారే. దాన్ని తక్కువ బిందువులున్న బహుభుజిగా సరళం చేయాలి. దీనికి పేరుపొందిన రామర్ పద్ధతి 1972లో, డగ్లస్, ప్యూకర్ పద్ధతి 1973లో వచ్చాయి. రెండోది పటాల్లో నదులు, సరిహద్దుల గీతలను సరళం చేయడానికి పుట్టింది. చివరగా బహుభుజి మూలల్లో దేన్ని మూలగా ఉంచాలో, దేన్ని వంపుగా మార్చాలో నిర్ణయించి బెజియే ముక్కలు అతికిస్తారు.

కెనడాలోని గణితవేత్త పీటర్ సెలింగర్ 2001లో విడుదల చేసిన పోట్రేస్ ఈ పనికి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లలో ప్రమాణంగా నిలిచింది. ఉచితంగా దొరికే బొమ్మల సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లోని ‘ట్రేస్ బిట్‌మ్యాప్’ వెనుక ఉన్నది అదే. దానికి ఇచ్చే ఆదేశాల్లో రెండు కీలకం. ఒకటి, ఎన్ని పిక్సెళ్ళ లోపు మచ్చను చెత్తగా భావించి తీసేయాలి అన్నది. మామూలుగా అది 2. రెండోది మూలల నునుపు. దాన్ని సున్నా చేస్తే వంపులే ఉండవు, అన్నీ కోణాలే. గరిష్ఠ విలువ 1.33కు తెస్తే కోణాలే ఉండవు, అన్నీ వంపులే. మామూలు విలువ 1.

రంగుల చిత్రమైతే ముందు రంగుల సంఖ్య తగ్గించాలి. ఒక గుర్తులో కంటికి మూడు రంగులే కనిపించినా, స్కాన్ చేసిన ఫైలులో వేల ఛాయలుంటాయి. వాటిని మళ్ళీ మూడుకు తెచ్చి, ఒక్కో రంగుకు ఒక్కో పొర ట్రేస్ చేస్తారు. పొరలను ఒకదానిపై ఒకటి పేర్చవచ్చు, లేదా పక్కపక్కన అతికేలా కోయవచ్చు. అచ్చుకు పేర్పు మేలు, ఎందుకంటే అతుకుల మధ్య సన్నటి తెల్ల గీత కనిపించే ప్రమాదం ఉండదు. వినైల్ కోతకు కొన్నిసార్లు రెండోదే కావాలి.

తెలుగు అక్షరం దగ్గరి చిక్కు

ట్రేసింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఏది అక్షరమో, ఏది మరకో తెలియదు. గుండ్రటి వంపులు, చిన్న చిన్న కన్నాలు, పైన తలకట్టు, కింద ఒత్తు ఉండే తెలుగు లిపిలో ఈ అజ్ఞానం అర్థాన్నే మార్చేయగలదు.

‘ఠ’లో నడిమి చుక్కను తీసేస్తే మిగిలేది ‘ర’. ‘థ’లో చుక్క పోతే ‘ధ’. అచ్చులో అక్షరం ఎత్తు 3 మిల్లీమీటర్లు ఉండి, చుక్క అందులో పదో వంతు ఉందనుకుంటే, అంగుళానికి 600 చొప్పున చేసిన స్కానులో ఆ చుక్కకు 38 పిక్సెళ్ళ దాకా వస్తాయి. అదే 72 చొప్పున ఉన్న తెర చిత్రంలో దాని వాటా ఒక్క పిక్సెల్. రెండు పిక్సెళ్ళ లోపు మచ్చలను తుడిచేయమన్న ఆదేశం దాన్ని మరకతో పాటే తుడిచేస్తుంది. బోర్డు మీద ‘పాఠశాల’ అంచులు మెరుస్తూ ‘పారశాల’గా నిలబడుతుంది. మసక చిత్రంలో తప్పు ఉంటే చూసేవాడు అనుమానించి చదువుకుంటాడు. నున్నటి అంచుల మధ్య తప్పు ఉంటే అది సరైనదేనని నమ్ముతాడు. వెక్టరీకరణలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

చాలా ఫాంట్లలో ప, ష, స, హ అక్షరాల తలకట్టు ఒంటికి అంటకుండా విడిగా ఉంటుంది. హద్దు కాస్త లేత వైపు జరిగితే ఆ సందు పూడుకుపోయి తలకట్టు ఒంటికి అతుక్కుంటుంది. ముదురు వైపు జరిగితే ‘ఫ’, ‘ధ’ల అడుగున ఉన్న సన్నటి గీత తెగి ప, ద మిగులుతాయి. ఒకే హద్దుతో రెండు వైపులా కాపాడుకోవడం తక్కువ పిక్సెళ్ళున్న చిత్రంలో దాదాపు అసాధ్యం. మూలల నునుపు సంగతీ ఇంతే. తలకట్టు కొన కోసుగా ఉండాలి, కింది ఒళ్ళు గుండ్రంగా ఉండాలి. నునుపు పెంచితే కొన మొద్దుబారుతుంది, తగ్గిస్తే ఒంట్లో కణుపులు లేస్తాయి.

అందువల్ల తెలుగు రాతతో కూడిన గుర్తుకు సరైన క్రమం వేరు. ముందుగా ఆ రాత ఏ ఫాంటో పోల్చుకోవాలి. దొరికితే ట్రేస్ చేయకుండా మళ్ళీ కూర్చాలి, ఎందుకంటే ఫాంటు గీతలు ముందే పక్కాగా ఉన్నాయి. చిత్రకారుడు చేత్తో రాసిన అక్షరమైతే అసలు కాగితాన్ని 600 లేదా 1200 చొప్పున స్కాన్ చేసి ట్రేస్ చేయాలి. కాగితం లేక చిన్న తెర చిత్రమే మిగిలితే, దాన్ని అడుగున పెట్టుకుని తెలుగు చదవగలిగిన మనిషి పెన్ టూల్‌తో తిరిగి గీయడం తప్ప నమ్మదగిన దారి లేదు. ఏది తలకట్టో, ఏది ఒత్తో తెలిసినవాడే ఎక్కడ సందు ఉంచాలో నిర్ణయించగలడు. గంట పని పది నిమిషాల్లో అయిపోవాలన్న తొందరలో వదిలేసేది సాధారణంగా ఈ మెట్టునే.

ఇటీవల వచ్చిన కృత్రిమ మేధ ఆధారిత పెంపు సాధనాలు సగటు తీయవు. తాము నేర్చుకున్న లక్షల చిత్రాల ఆధారంగా వివరాన్ని ఊహించి పూరిస్తాయి. ముఖాలకు, చెట్లకు ఆ ఊహ తరచూ నప్పుతుంది. తమకు అలవాటు లేని లిపిలో మాత్రం అవి అక్షరంలా కనిపించే, అక్షరం కాని ఆకారాలను పుట్టించగలవు. వాటిని వాడాక ప్రతి పదాన్నీ పైకి చదివి చూసుకోవాలి.

జ్యామితితో పుట్టిన గుర్తులకు ట్రేసింగ్ వాడటమే పొరపాటు. పింగళి వెంకయ్య పేరు చెప్పగానే గుర్తొచ్చే జాతీయ పతాకం ఇందుకు ఉదాహరణ. అందులోని అశోకచక్రానికి 24 ఆకులు, అంటే ఆకుకూ ఆకుకూ మధ్య సరిగ్గా 15 డిగ్రీలు. చిన్న చిత్రం నుంచి ట్రేస్ చేస్తే ఇరుసు దగ్గర ఆకులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ముద్దవుతాయి. ఒక ఆకు గీసి 15 డిగ్రీల చొప్పున తిప్పితే నిమిషంలో తప్పులేని చక్రం వస్తుంది. ప్రభుత్వ చిహ్నాల విషయంలోనూ దొరికిన జేపెగ్‌ను ట్రేస్ చేయడం కంటే అధికారిక వెక్టర్ ప్రతి సంపాదించడం మేలు. 2005 నాటి చట్టం ప్రకారం జాతీయ చిహ్నాన్ని ఎవరు పడితే వారు వాడకూడదు కూడా.

మదనపల్లె మగ్గం: మళ్ళీ గళ్ళలోకి

మదనపల్లె నీరుగట్టువారిపల్లెలోని పట్టుచీరల నేత ఈ విషయానికి ఊహించని మలుపు ఇస్తుంది. మగ్గం మీది బొమ్మ స్వభావరీత్యా బిట్‌మ్యాప్. పడుగు పోగు, పేక పోగు కలిసే ప్రతి చోటూ ఒక గడి. పోగు పైకి లేచిందా, కిందే ఉందా అన్నదే దాని రంగు. జోసెఫ్ మారీ జకార్డ్ 1804లో ఫ్రాన్సులో రూపుదిద్దిన యంత్రం ఈ సమాచారాన్ని అట్టల మీది రంధ్రాలుగా మార్చింది. బొమ్మను ముందు గ్రాఫు కాగితం మీద గడి గడిగా నింపి, ఆ గ్రాఫును చూసి అట్టలు కొడతారు. కంప్యూటరు వచ్చాక గ్రాఫు తెర మీదికి మారింది, గళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

పాత చీర అంచులోని చిన్న బుటాను కొత్త చీర కొంగుకు రెట్టింపు పరిమాణంలో వాడాలనుకుంటే, ప్రతి గడినీ నాలుగు గడులు చేయడం సులువైన దారి. అలా చేస్తే నెమలి మెడ మెట్లుమెట్లుగా విరిగి, బట్ట మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అనుభవం ఉన్న డిజైనరు ఆ మెట్లను ఒక్కొక్కటిగా చేత్తో సరిచేస్తాడు. వెక్టర్ దారి మరొకటి: 40 గడుల బుటాను ట్రేస్ చేసి గీతగా మార్చి, ఆ గీతను పెంచి, 80 గడుల గ్రాఫు మీద మళ్ళీ పిక్సెళ్ళుగా దింపాలి. వెక్టర్ ఇక్కడ గమ్యం కాదు, నడిమి మజిలీ.

ఇంత చిన్న బొమ్మలకు మామూలు ట్రేసింగ్ అంతగా నప్పదు. రెండు నల్ల గడులు మూలలతో మాత్రమే తాకితే అవి కలిసిన గీతా, విడివిడి చుక్కలా అన్నది తేల్చాలి. నెమలి ముక్కు అంతా అలాంటి ఒక్క మూల మీదే ఆధారపడి ఉండవచ్చు. యోహానెస్ కోఫ్, డానీ లిషిన్‌స్కీ 2011లో ప్రచురించిన పద్ధతి ఈ సందిగ్ధాన్ని చుట్టుపక్కల గడుల అమరిక చూసి పరిష్కరిస్తుంది. అది పాత వీడియో ఆటల బొమ్మల కోసం పుట్టినా, ఇంక్‌స్కేప్‌లో చేరింది కాబట్టి బుటాకూ వాడుకోవచ్చు.

గడి ఆకారం కూడా పట్టించుకోవాలి. బట్టలో అంగుళానికి 80 పడుగు పోగులు, 60 పేక పోగులు ఉన్నాయనుకుంటే, అంగుళం వ్యాసమున్న గుండ్రటి పువ్వుకు గ్రాఫులో 80 గడుల వెడల్పు, 60 గడుల ఎత్తు ఉండాలి. చదరపు పిక్సెళ్ళ తెర మీద అది కోడిగుడ్డులా కనిపించి, బట్ట మీదే గుండ్రమవుతుంది. గీతగా ఉన్న బొమ్మను ఏ పోగుల లెక్కకైనా ఇలా సాగదీసి దింపుకోవచ్చు. ఒకసారి గళ్ళలోకి దిగిన బొమ్మతో ఆ సౌలభ్యం పోతుంది. అయితే పెద్ద ఆకారం లోపల పోగు బంధం లేకుండా చాలా దూరం తేలితే నగలకు, గోళ్ళకు తగిలి తెగుతుంది. ఎక్కడెక్కడ దాన్ని కట్టివేయాలో ట్రేసింగుకు తెలియదు. ఆ గడులు నింపడం నేత తెలిసిన మనిషి పనే.

చేతిరాత, నిచ్చెన, ఆవు

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలోని బిసెంట్ థియోసాఫికల్ కళాశాలకు వచ్చాడు. అనీ బిసెంట్ స్థాపించిన ఆ కళాశాలకు అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. జనగణమనకు ఠాగూర్ చేసిన ఆంగ్లానువాదం ఫిబ్రవరి 28న అక్కడే ఆయన చేతిరాతలో రూపుదిద్దుకుంది. కజిన్స్ భార్య మార్గరెట్ ఆ గీతం బాణీకి స్వరలిపి సిద్ధం చేసింది. అలాంటి దస్తావేజును గోడ మీద పెద్దదిగా ప్రదర్శించాలంటే రెండు లక్ష్యాలు ఎదురుపడతాయి. చరిత్రకు సాక్ష్యంగా చూపాలంటే కాగితం రంగు, సిరా పలచబడిన చోటు, మడతలు అన్నీ ఉండాలి. అందుకు హెచ్చు పిక్సెళ్ళ ఫొటోయే సరైనది. రాతి మీద చెక్కడానికో, లోహం మీద కోయడానికో అయితే గీత కావాలి.

చేతిరాత ట్రేసింగులో రెండు తోవలున్నాయి. అంచు ట్రేసింగ్ సిరా గీతకు రెండు వైపులా దారి తీసి, కలం ఒత్తిన చోట మందాన్ని, తేలిన చోట సన్నదనాన్ని నిలుపుతుంది. నడిమి గీత ట్రేసింగ్ కలం నడిచిన దారినే పట్టుకుని, మందాన్ని వదిలేస్తుంది. పటాల్లో రోడ్లకు, ఇళ్ళ ప్లాన్లకు, ముగ్గులకు రెండోది సరి. సంతకానికి మొదటిదే కావాలి, ఎందుకంటే సంతకం అందం మందపు మార్పులోనే ఉంది. ఇంక్‌స్కేప్‌లో నడిమి గీత సౌకర్యం 2020 నాటి 1.0 రూపంతో వచ్చింది.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం పల్లె బడుల కోసం రూపొందించిన బోధన పద్ధతి బొమ్మ గుర్తుల మీద నడుస్తుంది. పాఠ్యపుస్తకానికి బదులు కార్డులుంటాయి, కార్డుల వరసను ‘నిచ్చెన’ చూపిస్తుంది, ఏ మెట్టులో ఏ కార్డు తీయాలో గుర్తు చెబుతుంది. 1980ల చివర మొదలైన ఈ పద్ధతి తమిళనాడు ప్రభుత్వ బడుల్లోని కృత్యాధార బోధనకూ దారి చూపింది. ఒకే గుర్తు చేతిలోని కార్డు మీద వేలెడంత, గోడ నిచ్చెన మీద జానెడంత కనిపించాలి, రెండింటినీ పిల్లవాడు ఒకటిగా పోల్చుకోవాలి. చదవడం ఇంకా రాని పిల్లవాడికి గుర్తే అక్షరం. ఇలాంటి గట్టి గీతల, కొద్ది రంగుల బొమ్మలు ట్రేసింగుకు అన్నిటికంటే బాగా లొంగుతాయి.

2024 సంక్రాంతి నాడు ప్రధాని నరేంద్ర మోదీ తన నివాసంలో మేత పెడుతున్న ఫొటోల ద్వారా పుంగనూరు ఆవు దేశమంతటికీ తెలిసింది. భుజం దగ్గర మీటరుకు అటూఇటుగా ఎత్తుండే ఆ పొట్టి జాతిని పాల డబ్బా మీదా, బోర్డు మీదా గుర్తుగా వాడాలంటే ఫొటోను నేరుగా ట్రేస్ చేయడం వల్ల లాభం లేదు. వెంట్రుకల మెరుపు, కాళ్ళ కింది నీడ, వెనుక ఉన్న గడ్డి అన్నీ వందల ముక్కలుగా మారి, ఫైలు బరువెక్కుతుంది, బొమ్మ తేలదు. ముందు ఆవును నేపథ్యం నుంచి కోసి, ఒకే నలుపు ఛాయగా మార్చాలి. అప్పుడు ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది: ఛాయలో పక్కన కొలత లేనప్పుడు పొట్టిదనం తెలియదు. పొట్టి కాళ్ళు, నేలను అందుకునే తోక, మూపురం, చిన్న కొమ్ముల నిష్పత్తులే జాతిని పట్టిస్తాయి. పక్క నుంచి, ఆవు నడుము ఎత్తులో కెమెరా పెట్టి తీసిన ఫొటోలోనే ఆ నిష్పత్తులు చెదరకుండా ఉంటాయి. నిలబడిన మనిషి పైనుంచి తీస్తే కాళ్ళు ఇంకా కురచబడి, ట్రేసింగ్ ఆ అబద్ధాన్ని శాశ్వతం చేస్తుంది.

కుప్పం: రాయి, ఫొటో

కుప్పం ప్రాంతపు ఆకుపచ్చ గ్రానైటు ‘కుప్పం గ్రీన్’ పేరుతో రాతి వ్యాపారంలో తెలిసిన సరుకు. శిలాఫలకం మీద అక్షరాలను ఇసుక ఊది చెక్కే పద్ధతిలో ముందు రాయికి మందపాటి స్టిక్కరు అతికిస్తారు. ప్లాటరు దాని మీద అక్షరాల అంచులు కోస్తుంది, కోసిన ముక్కలు పీకేస్తారు, గట్టిగా ఊదిన ఇసుక ఆ సందుల్లోనే రాతిని తొలుస్తుంది. కత్తి బిందువు నుంచి బిందువుకు నడుస్తుంది కాబట్టి ట్రేసింగులో మిగిలిన ప్రతి అనవసర బిందువూ కోతలో ఒక చిన్న వణుకు. ‘ఠ’ లోపలి తెల్లటి భాగం వంటి చిన్న ముక్కలు పీకేటప్పుడు లేచిపోతాయి. అందుకే రాతి పనికి కన్నాలు కాస్త పెద్దవి చేసి, సన్న గీతలు లావు చేసిన రూపం విడిగా గీసుకోవడం మంచిది. ఫ్లెక్సీ మీద తప్పు పడితే మర్నాడు మారుతుంది. రాతి మీద పడితే తరాలు చదువుతాయి. తెలుగుతో పాటు తమిళం, కన్నడం కూడా వినిపించే ఈ సరిహద్దు పట్టణంలో కోతకు ముందు ప్రతి లిపినీ అది తెలిసినవారు చదివి చూడాలి.

వెక్టరీకరణ అక్కరలేని చోటును కూడా కుప్పమే చూపిస్తుంది. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఇక్కడ ‘ఐ-కమ్యూనిటీ’ ప్రాజెక్టు మొదలుపెట్టింది. అందులో భాగంగా స్వయం సహాయక సంఘాల మహిళలకు డిజిటల్ కెమెరాలు, చిన్న ప్రింటర్లు, వాటిని నడిపే సౌర విద్యుత్ పరికరాలు ఇచ్చి ఫొటోగ్రాఫర్లుగా తీర్చిదిద్దారు. గుర్తింపు కార్డు కోసం పట్నం దాకా పోవలసిన పని ఊళ్ళోనే తీరింది. ఆ తరం కెమెరాల్లో సాధారణమైన 1600 పిక్సెళ్ళ వెడల్పు, 6 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 267 చొప్పున వస్తుంది, కంటికి అది చాలు. అలాంటి ముఖచిత్రాన్ని ఎవరైనా నిలువెత్తు ఫ్లెక్సీకి పెంచాలనుకుంటే ట్రేసింగ్ ఆదుకోదు. చర్మపు ఛాయ మెల్లగా మారుతుంది, దానికి అంచు లేదు. లేని అంచును వెతికే సాఫ్ట్‌వేర్ బుగ్గను రంగు రంగు అతుకులుగా విడగొడుతుంది. పోస్టరు శైలి కోసం కోరి చేస్తే తప్ప, ముఖాలను పిక్సెళ్ళలోనే ఉంచి, వాటి చుట్టూ ఉన్న పేర్లను, గుర్తులను, అలంకారాన్ని వెక్టరులో ఉంచడం సరైన విభజన.

పరికరాలు, ఫైళ్ళు

కోరల్‌డ్రాలో పవర్‌ట్రేస్ 2006 నాటి ఎక్స్3 రూపంతో వచ్చింది. అడోబి ఇలస్ట్రేటర్‌లో లైవ్ ట్రేస్ 2005లో చేరి, 2012లో ఇమేజ్ ట్రేస్‌గా మారింది. ఇంక్‌స్కేప్ 2003 నుంచి ఉచితంగా దొరుకుతోంది. చిన్న పట్టణపు దుకాణానికి, విద్యార్థికి లైసెన్సు ఖర్చు లేకుండా ఈ పని నేర్పగలిగేది అదే. మూడింటిలో ఏది వాడినా ట్రేస్ అయ్యాక బిందువుల లెక్క చూసుకోవాలి. నాలుగు బిందువులతో తేలాల్సిన సున్నాకు నలభై ఉంటే మూల చిత్రం చెడ్డదన్నమాట. సరళీకరణ ఆదేశంతో తగ్గించబోయే ముందు మెరుగైన స్కాను దొరుకుతుందేమో వెతకడం మేలు. ఫలితాన్ని అసలు పరిమాణంలో కాకుండా ఎనిమిది రెట్లు పెంచి, అసలు చిత్రాన్ని అడుగున లేతగా ఉంచి పోల్చితే జారిన అంచులు తేలిగ్గా కనిపిస్తాయి.

భద్రపరచడానికి ఎస్వీజీ మంచి ఎంపిక. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2001లో ప్రమాణంగా ప్రకటించిన ఈ రూపం మామూలు పాఠ్యంగా ఉంటుంది కాబట్టి ఏ ఒక్క సంస్థ సాఫ్ట్‌వేరు మీదా ఆధారపడదు. ప్రెస్సుకు పీడీఎఫ్, పాత కోత యంత్రాలకు ఈపీఎస్ లేదా డీఎక్స్ఎఫ్ అడుగుతారు. జేపెగ్ బొమ్మను పీడీఎఫ్‌లో పెట్టినంత మాత్రాన అది వెక్టర్ కాదు; తెర మీద 800 శాతానికి పెంచి చూస్తే అంచు నున్నగా ఉందో, మెట్లు కనిపిస్తున్నాయో అప్పుడే తెలిసిపోతుంది. సంస్థలు, బడులు, సంఘాలు తమ గుర్తుకు ఒకసారి సరైన వెక్టర్ ప్రతి చేయించుకుని, రంగుల విలువలతో, ఫాంటు పేరుతో, నలుపు తెలుపు రూపంతో కలిపి దాచుకుంటే, ప్రతి కార్యక్రమానికీ పాత ఫ్లెక్సీ ఫొటో తీసి దాన్నే మళ్ళీ ట్రేస్ చేయించే అవస్థ ఉండదు. ప్రతి ట్రేసూ అంతకుముందు ట్రేసులోని తప్పును కూడా మోసుకొస్తుంది. అసలు కాగితం, దాని మొదటి స్కాను ఫైలు కూడా పారేయకూడదు. రేపు మెరుగైన పద్ధతి వస్తే పని మొదలుపెట్టాల్సింది వాటి నుంచే.